వార్డులో చేరబోయే ముందు

ఒరేయ్,

నీ ఉత్తరం చూసి నిజంగా సంతోషమేసింది రా. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) మానసిక వైద్య విభాగంలో పీర్ సపోర్ట్ వర్కర్‌గా, అంటే తన సొంత అనుభవంతో రోగులకు తోడుగా నిలిచే మనిషిగా, అదీ ఆటిస్టిక్ అని చెప్పుకునే చేరాలనుకుంటున్నావంటే మంచి నిర్ణయం. అడిగినవన్నీ ఒకేసారి రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకు.

జీతం మామూలుగా ఎన్‌హెచ్ఎస్ జీతాల మెట్లలో బ్యాండ్ 3, కొన్ని ట్రస్టుల్లో (ఆసుపత్రులు నడిపే ఎన్‌హెచ్ఎస్ సంస్థల్లో) 4. నువ్వు నర్సువి కాదు, థెరపిస్టువీ కాదు. జబ్బు ఏమిటో తేల్చడం నీ పని కాదు. నిన్ను తీసుకునేది నీకు అనుభవం ఉంది కాబట్టి. అయితే ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. ఎదుటివాళ్ళని ఏం అడగాలో నీ ఆటిజం నీకు నేర్పుతుంది, కానీ వాళ్ళ జవాబు నువ్వు ఊహించేస్తే పని చెడుతుంది. ఒకరికి ఫ్యాన్ చప్పుడు ప్రాణం తీస్తుంది, ఇంకొకరికి ఆ చప్పుడు లేకపోతే నిద్ర రాదు.

ఆఫర్ రాగానే ‘యాక్సెస్ టు వర్క్’కి దరఖాస్తు పెట్టు. అది వైకల్యం ఉన్నవాళ్ళకి ఉద్యోగంలో కావాల్సిన సాయానికి డబ్బిచ్చే ప్రభుత్వ పథకం. నీ తరఫున యాజమాన్యం పెట్టదు, నువ్వే పెట్టుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు వారాల్లోపు అడిగితే ఆమోదించిన ఖర్చు మొత్తం వాళ్ళే భరించే వీలుంది. ఆ తర్వాతైతే పెద్ద సంస్థలు కొంత వాటా పెట్టుకోవాల్సి వస్తుంది, అక్కడే జాప్యం మొదలవుతుంది. ఇది కాక ఈక్వాలిటీ యాక్ట్ 2010 (సమానత్వ చట్టం) కింద రీజనబుల్ అడ్జస్ట్‌మెంట్స్, అంటే నీకు తగ్గట్టు పనిలో సబబైన మార్పులు, చెయ్యడం ట్రస్టు బాధ్యత. ‘నాకు శబ్దం పడదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ‘పొద్దుటి హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు అప్పగించే సమాచారం) నాకు రాతలో కావాలి, రోజూ ఒకే డెస్కు కావాలి, మీటింగ్ అజెండా రెండు రోజుల ముందు పంపాలి’ అని రాయి. ఇంటర్వ్యూ ప్రశ్నలు ముందే పంపమనీ అడుగు. చాలాచోట్ల ఇస్తున్నారు.

ఇక అసలు పని. మొదటి కలయికకు ముందే నువ్వు కలవబోయే రోగికి ఒక పేజీ పంపు. నీ ఫొటో, ఏ గది, ఎన్ని నిమిషాలు (45 దాటొద్దు), ఏమేం అడుగుతావు, మధ్యలో ఆపేయాలంటే ఏం చెయ్యాలి, ఇవన్నీ అందులో ఉండాలి. గదిలోకి ముందు నువ్వెళ్ళి ట్యూబులైటు గుయ్యిమంటోందేమో చూడు, తలుపుకి దగ్గర కుర్చీ వాళ్ళకి వదిలెయ్యి. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటే కళ్ళలోకి చూడాల్సిన పని ఉండదు. నడుస్తూ మాట్లాడుకోవచ్చు, ఒకే కాగితం మీద మార్చి మార్చి రాసుకోవచ్చు. ఒకసారికి ఒకటే ప్రశ్న. అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టు, ఇంకా మౌనంగా ఉంటే ఇంకో పది. మధ్యలో అదే ప్రశ్నని మాటలు మార్చి అడిగావంటే వాళ్ళు మళ్ళీ మొదటినుంచి ఆలోచించుకోవాలి.

‘ఎలా అనిపిస్తోంది?’ అని మాత్రం మొదలుపెట్టకు. ఆటిస్టిక్ వాళ్ళలో దాదాపు సగం మందికి తమ భావోద్వేగం ఏదో గుర్తించి చెప్పడం కష్టం, దాన్ని అలెక్సితీమియా అంటారు. ‘పదిలో ఎంత’ అన్నా అంతే. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, వారంలో ఏ పని మానేశావు, ఏ చప్పుడు ఎక్కువ బాధపెట్టింది అని అడుగు. వాళ్ళ కొలతని వాళ్ళ పనులతోనే కట్టాలి. వంట చేసుకోగలిగితే ఒక మెట్టు, చల్లారింది తినడమే చేతనైతే కింది మెట్టు, నోట మాట రాకపోతే ఇంకా కింద.

వార్డులో ఎక్కువ హాని జరిగేది తప్పుగా అర్థం చేసుకోవడం వల్లే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. ‘గొంతులు వినిపిస్తాయా?’ అని డాక్టరు అడిగితే ఎదురుగా ఉన్న నర్సు గొంతు వినిపిస్తోంది కాబట్టి ఒకావిడ ‘వినిపిస్తాయి’ అంటుంది. అది సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక స్థితి) లక్షణంగా రికార్డుకెక్కుతుంది. భారం ఎక్కువై మాటా పలుకూ లేకుండా ముడుచుకుపోయే షట్‌డౌన్‌ని ‘సహకరించడం లేదు’ అని, అదే భారం అదుపు తప్పి బయటపడే మెల్ట్‌డౌన్‌ని ‘దూకుడు’ అని రాస్తారు. మాస్కింగ్ (తన ఆటిజం బయటికి కనిపించకుండా దాచుకోవడం) అలవాటైన మనిషి నవ్వుతూ చావు గురించి చెప్తే ‘రిస్కు తక్కువ’ అనేస్తారు. నువ్వు నోట్స్‌లో అభిప్రాయం రాయకు, కనిపించింది రాయి. ‘అలారం మోగాక 12 నిమిషాలు చెవులు మూసుకుని ఉన్నారు, మాట్లాడలేదు, లైటు ఆర్పాక కాగితం మీద జవాబిచ్చారు.’ ఇలాంటి వాక్యం మందు మోతాదు పెంచే ముందు డాక్టర్ని ఒక్క క్షణం ఆపుతుంది రా.

రహస్యం విషయం మొదటి రోజే తేల్చెయ్యి. ‘అవసరమైతే టీమ్‌కి చెప్తాను’ అంటే చాలదు. ప్రాణం తీసుకునే ఆలోచన, ఇతరులకు హాని, పిల్లలకు ప్రమాదం, ఈ మూడూ చెప్పి తీరాల్సినవని రాసి చేతికివ్వు. ముందే తెలియకపోతే తర్వాత అది ద్రోహంలా అనిపిస్తుంది, మళ్ళీ నోరు విప్పరు. ఎంత మామూలు గొంతుతో చెప్పినా ఆ మాటని మాటగానే తీసుకుని వెంటనే నర్సుకి చెప్పు. సేఫ్టీ ప్లాన్ (ప్రమాద సమయంలో ఏం చెయ్యాలో రాసుకునే కాగితం) రాసేటప్పుడు ఫోన్ నంబర్లు మాత్రమే ఉంటే ఒప్పుకోకు. 111కి ఫోన్ చేసి 2 నొక్కితే మానసిక ఆపత్కాల సహాయం వస్తుంది, నిజమే. కానీ ఆ స్థితిలో చాలామంది ఆటిస్టిక్ వాళ్ళకి ఫోన్‌లో మాట పెగలదు. ఫోన్‌లో మాట్లాడకుండానే సాయం అడగడానికి 85258కి మెసేజ్ పెట్టొచ్చని పక్కనే రాయించు.

ఇద్దరు ఆటిస్టిక్ మనుషుల మధ్య మాట బాగా సాగుతుందన్నదానికి ఆధారం ఉంది. ఆటిస్టిక్ వాళ్ళకీ మిగతావాళ్ళకీ మధ్య అపార్థం రెండు వైపులా ఉంటుందని పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో రాశారు. ఎనిమిదేసి మంది వరసగా ఒకరికొకరు కథ చెప్పుకునే ప్రయోగంలో, అందరూ ఆటిస్టిక్ అయిన వరసలు అందరూ ఆటిస్టిక్ కాని వరసలకి తీసిపోలేదు. రెండు రకాల వాళ్ళనీ కలిపిన వరసల్లోనే కథలో వివరాలు ఎక్కువ జారిపోయాయి. 2020లో వచ్చిన ఫలితం అది. అలాగని నీ కథంతా చెప్పెయ్యకు. ఏవి చెప్పొచ్చో ఇంట్లోనే తేల్చుకో, ఇంకా మానని గాయాలు పక్కన పెట్టు. చెప్పినా రెండు నిమిషాల్లో ముగించి మాట వాళ్ళకి తిరిగివ్వు.

మన తెలుగు కుటుంబాలు వస్తే చెల్లెల్నో కొడుకునో దుబాసీగా కూర్చోనివ్వకు. ఇంట్లోవాళ్ళ ముందు ఎవరూ అసలు సంగతి చెప్పరు. ట్రస్టు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించు.

నీ సంగతి కూడా చూసుకో రా. రోజుకి మూడు నాలుగు కలయికలు మించొద్దు, ఒక్కోదాని తర్వాత అరగంట ఖాళీ డైరీలో ముందే కట్టించు. ఖాళీగా కనిపిస్తే దాన్ని ఎవరో ఒకరు నింపేస్తారు. సూపర్విజన్, అంటే నీ పని గురించి క్రమం తప్పకుండా ఒకరితో కూర్చుని మాట్లాడుకోవడం, రెండు రకాలుగా కావాలి. ఒకటి మేనేజర్‌తో, ఇంకొకటి పీర్ పని చేసినవాళ్ళతో. రెండోది ట్రస్టులో లేకపోతే బయటినుంచైనా ఏర్పాటు చెయ్యమను. టీమ్ మొత్తానికి ఆటిజం పాఠాలు చెప్పే పని నీ నెత్తిన పెట్టబోతే ఒప్పుకోకు. సిబ్బందికి ఆ శిక్షణ ఇప్పించడం 2022 జులై నుంచి చట్టం ప్రకారం ట్రస్టు బాధ్యత, ఆలివర్ మెక్‌గోవన్ పేరుతో కోర్సు కూడా ఉంది.

రోగిని బలవంతంగా పట్టుకోవాల్సి వచ్చినప్పుడు నిన్ను కూడా పిలుస్తారా లేదా అన్నది సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా అడుగు. నిన్న నీతో మనసు విప్పి మాట్లాడిన మనిషి చేతులు ఇవాళ నువ్వే పట్టుకుంటే రేపు నీతో మాట్లాడరు. జవాబేమొచ్చిందో నాకు రాయి.

నీ స్నేహితుడు