అరైవల్ కార్డుకు డబ్బులు కట్టొద్దు

సంపాదకునికి,

విశాఖలో విమానమెక్కి నాలుగు రోజుల షికారుకు వెళ్లే మన జిల్లావాళ్లు టికెట్టు చూసుకున్నంత శ్రద్ధగా పాస్‌పోర్టు చూసుకోరు. గడువు 6 నెలలైనా మిగలకపోతే చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. 2025 మే 1 నుంచి థాయిలాండ్ కూడా, మలేసియా, సింగపూర్‌ల్లాగే, డిజిటల్ అరైవల్ కార్డు, అంటే ఆ దేశానికి వచ్చేవాళ్లు తమ వివరాలు నింపే ఫారం, అడుగుతోంది. దిగడానికి ముందు 3 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రభుత్వ సైటులో పైసా అక్కర్లేదు. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు మాత్రం బ్యాంకు కార్డు నంబరు అడిగి డబ్బులు గుంజుతాయి. పైగా ఈ అరైవల్ కార్డు వీసా కాదు. సింగపూర్‌కు వీసా విడిగా తీసుకోవాల్సిందే.

అసలు తంటా పేరుతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు గడిలో ‘అప్పన్న’ అని ఒక్క మాటే ఉంటే దుబాయ్ విజిట్ వీసా దగ్గర చిక్కే. టికెట్టు కొనకముందే ఆ పేజీ చూసుకోండి.

– ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా