పూతరేకులు వెళ్లాయి, పొలంగట్టు ఇక్కడే ఉంది

రాజోలు.

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం చేరింది. పరగడుపు షుగరు 118 వచ్చిందన్న దిగులు సంగతి అలా ఉంచి, "సన్నగానే ఉన్నాను కదా" అని నువ్వు డాక్టరుతో వాదించిన తీరు చదివి నవ్వుకున్నాను. మనకు ఆ వాదన చెల్లదు. ఎత్తును బట్టి బరువును అంచనా వేసే బీఎంఐ 25 దాటితే అధిక బరువన్నది అందరికీ చెప్పే లెక్క. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు చేరే తత్వం మనది కాబట్టి, ఆసియా మూలాలున్నవారిని 23 దగ్గరే పరీక్షించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. ముందు టేపుతో నడుము కొలుచుకో. మన మగవాళ్లకు హద్దు 90 సెంటీమీటర్లు.

అయితే నెపమంతా ఒంటి తత్వం మీదికి నెట్టెయ్యకు. మన నాన్నలు తిన్నంత అన్నం మనం తినలేం. కానీ వాళ్లు పొద్దున్నే చద్దన్నం తిని ఊడ్పులకో కోతలకో దిగితే పొద్దువాలేదాకా నడుము ఎత్తేవారు కారు. ఆత్రేయపురం పూతరేకులూ తాపేశ్వరం కాజాలూ పెళ్లికో పండక్కో తప్ప ఇంటి గడప తొక్కేవి కావు. మన సంస్కృతి అంటూ నువ్వు అమెరికాలో ఎడిసన్‌కు పట్టుకెళ్లింది ఆ పండగ విస్తరినే. రోజువారీ తిండినీ, దాని వెనకున్న చాకిరీనీ ఇక్కడే వదిలేశావు. శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో విందు, చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే వదినగారు! ఆవిడ చిన్నబుచ్చుకోకుండా మారు వద్దనడం ఎలాగో ఏ డైటీషియనూ కాగితం మీద రాసివ్వడు. (కువైట్‌లో ఇళ్లల్లో పనికి వెళ్లిన మన లంక గ్రామాల ఆడవాళ్లకు ఈ తంటా లేదు, వేళకు తినే తీరికే ఉండదు.)

పిన్నిగారి సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. షుగరుకిచ్చిన మెట్‌ఫార్మిన్ మాత్ర వేడి చేస్తోందని మానేసి, డాక్టరుకు చెప్పకుండా కాకరకాయ రసం తాగుతున్నారన్నావు. ఆవిడను మూఢనమ్మకమని కసురుకోకు. ఆ మాత్రతో మొదట్లో కడుపులో తిప్పడం, విరేచనాలు కావడం మామూలే. ఆవిడకు తెలిసిన వేడి అదే అయి ఉంటుంది. అన్నంతో పాటు వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. పైన పల్చని మజ్జిగ తాగమంటే చలవ అనుకుని సంతోషంగా తాగుతారు, నష్టమేమీ లేదు. కోడలి పురుడప్పుడు ఆసుపత్రిలో నర్సు ఐసునీళ్లు తెచ్చిస్తే, బాలింతకు చన్నీళ్లేమిటని ఆవిడ గ్లాసు లాక్కున్నారట కదా. అక్కడ ఎవరైనా కారణం అడిగి ఉంటే సొంఠిపొడి, పత్యం, అన్నీ విప్పి చెప్పేవారు. అడగనిచోట దాచుకుంటారు, ఆ దాపరికమే ప్రమాదం.

ఈసారి డాక్టరు దగ్గరికి నువ్వు కూడా వెళ్లి, కాకరకాయ రసం సంగతి ఆవిడ చేతే చెప్పించు. మాత్ర మోతాదు తగ్గించమంటారో, మరో రకం ఇస్తారో వెంటనే రాయి.

నీ
నారాయణ