తత్వశాస్త్రానికి మార్కులు వేసే ముందు: మంత్రి గారికి ఒక లేఖ

ఉన్నత విద్యా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తత్వశాస్త్ర విభాగాల పనితీరును అంచనా వేసే ఫారం ఈమధ్య నా చేతికొచ్చింది. చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్న దాన్నే అయినా, "ఐదేళ్లలో పరిష్కరించిన సమస్యలు" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. సున్నా వేస్తే అన్యాయం, ఇంకే అంకె వేసినా అబద్ధం.

ఒక గోడ గడియారం నిన్న పదింటికి ఆగిపోయిందనుకోండి. ఆ సంగతి తెలియనాయన ఇవాళ సరిగ్గా పదింటికే దాన్ని చూసి "పదయింది" అనుకున్నాడు. నమ్మింది నిజమే, నమ్మడానికి కారణమూ ఉంది. మరి టైమెంతో ఆయనకు తెలిసినట్టేనా? ఔననడానికి మనసొప్పదు. తగిన కారణంతో నమ్మిన నిజమే జ్ఞానం అన్న నిర్వచనాన్ని 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే తత్వవేత్త ఇలాంటి ఉదాహరణలతోనే మూడు పేజీల్లో కూలదోశారు. దాని చోట ఏం పెట్టాలన్నది అరవై ఏళ్లు దాటినా తేలలేదు. మీ ఫారం లెక్కలో ఇది ఫెయిల్. కానీ ఆ పాత నిర్వచనాన్ని ఇవాళ ఎవరైనా ధీమాగా చెబితే, మొదటి ఏడాది పిల్ల కూడా "మరి గడియారం సంగతో?" అని అడ్డుపడుతుంది. నా దృష్టిలో ముందడుగంటే అదే.

ఇంకో చిక్కుంది. జవాబు వెతికే పద్ధతి కుదరగానే ప్రశ్న మా చేయి దాటిపోతుంది. 1687 నాటి న్యూటన్ పుస్తకం పేరులోనే "ప్రకృతి తత్వశాస్త్రం" ఉంది, ఇవాళ అది ఫిజిక్స్ ఖాతాలో జమ. పిల్లలు వేరు కాపురాలు పెట్టుకున్నాక ఇల్లు బోసిపోయిందని తల్లిని ఆడిపోసుకున్నట్టుంది. అలాగని తాతల నాటి నేతుల వాసన చూపించి మార్కులడగడం నాకూ నచ్చదు. ఒకరి పేపర్‌ను ఒకరు ఉటంకించుకుంటూ అక్కడక్కడే తిరిగే చర్చలు మాలో బోలెడు. విడ్డూరమేమిటంటే, పేపర్లు లెక్కపెట్టే మీ గడి వాటికే ఎక్కువ మార్కులిస్తుంది.

1902 జూన్‌లో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ ఒక ఉత్తరంలో, అంకగణితాన్ని తర్కం మీద నిలబెట్టాలని చూసిన జర్మన్ తత్వవేత్త ఫ్రెగె సిద్ధాంతంలోని వైరుధ్యాన్ని చూపించారు. అప్పటికే ఆ సిద్ధాంతం మీద ఫ్రెగె రాసిన పుస్తకం రెండో సంపుటం అచ్చులో ఉంది. ఆయన కప్పిపుచ్చలేదు. పునాదే కదిలిందని ఒప్పుకుంటూ చివర అనుబంధం చేర్చారు. మీ ఫారంలో దానికి చోటెక్కడ?

అందుకే ఒక్క ప్రశ్న చేర్చమని అడుగుతున్నాను: "మీ వాదనల్లో ఏది ఓడిపోయింది, ఎవరి చేతిలో, ఆ తర్వాత ఏం మార్చుకున్నారు?" జవాబుకు గడి కాదు, ఒక పేజీ ఇవ్వండి. నా ఫారం ఇంకా పంపలేదు.

ఇట్లు,
ఒక తత్వశాస్త్ర అధ్యాపకురాలు