నాంపెన్‌కి ఒక్క లైనేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆగ్నేయాసియా టూర్ల మీద వచ్చిన వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గుడికి రెండు పేజీలు ఇచ్చారు, సంతోషం. ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందో కూడా రాశారు. నాంపెన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రాజధాని, ఒక రాత్రి ఆగవచ్చు" అని ఒక్క లైను. ఇక కంబోడియా పేరు మళ్లీ మీ పేపర్లో కనబడేది క్రైమ్ పేజీలోనే, డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటు మాట నమ్మి వెళ్లి సైబర్ మోసాల ముఠాల దగ్గర ఇరుక్కున్న మన పిల్లల వార్తల్లో. ఆ వార్తలు రావాల్సిందే. కానీ గుడికీ ముఠాకీ మధ్య అక్కడ ఒక ఊరు ఉంది, అది మీ పేజీల్లో లేదు.

నేనూ మా తమ్ముడూ పోయిన వానాకాలం వీపున బ్యాగులు తగిలించుకుని వియత్నాంలోని సైగాన్ నుంచి బస్సులో నాంపెన్ వెళ్లాం. బవెట్ సరిహద్దు దగ్గర బస్సు మనిషే అందరి పాస్‌పోర్టులూ పోగేసుకుని వెళ్లి ముద్రలు వేయించుకొస్తాడు, అంతసేపూ పాస్‌పోర్టు చేతిలో లేకపోతే కొంచెం టెన్షనే. ఊళ్లో దిగాక యాప్‌లో ఆటో పిలిస్తే వచ్చింది మన బజాజ్ ఆటోనే, తిరుపతి బస్టాండు దగ్గర మనం ఎక్కేదే, రేటు దగ్గర గొడవ లేదు, అంతే తేడా. డబ్బులు డాలర్లలో ఇస్తే ఒక డాలరు కంటే తక్కువ చిల్లరని వాళ్ల రియల్స్‌లో ఇస్తారు. నోటు అంచు కాస్త చిరిగినా తీసుకోరు, మా తమ్ముడు అక్కడ చాలా అవస్థ పడ్డాడు.

ఆ ఊళ్లో ఒకప్పుడు డబ్బే లేకుండా చేశారని తర్వాత అర్థమైంది. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల సైన్యం నాంపెన్‌ని పట్టుకుంది. వాళ్ల కొత్త సంవత్సరం అప్పుడే అయింది (మన చిత్తూరు వైపు తమిళ సంవత్సరాది చేసుకునే రోజులే). అమెరికా బాంబులు వేయబోతోంది, మూడు రోజుల్లో తిరిగి రావచ్చు అని చెప్పి, యుద్ధానికి భయపడి పల్లెల నుంచి వచ్చినవాళ్లతో కలిపి దాదాపు 20 లక్షల మందిని రోడ్ల మీదికి తోలేశారు, ఆస్పత్రుల్లో మంచాల మీదున్న రోగులతో సహా. నోట్లు రద్దు, బడులు మూత, బజార్లు మూత, నేషనల్ బ్యాంకు బిల్డింగుని పేల్చేశారు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం వచ్చేదాకా అది దాదాపు ఖాళీ ఊరు. ఆ నాలుగేళ్ల లోపల దేశం మొత్తం మీద 15 నుంచి 20 లక్షల మంది ఆకలితో, రోగాలతో, గొడ్డు చాకిరీతో, హత్యలతో పోయారు. దేశ జనాభానే 80 లక్షలు.

వాళ్లు జైలుగా వాడిన, ఇప్పుడు మ్యూజియం చేసిన తువోల్ స్లెంగ్ ఎక్కడో ఊరి బయట ఉంటుందనుకున్నాను. ఊరి మధ్యలోనే, ఇళ్ల నడుమ ఉంది. అది అంతకుముందు ఒక హైస్కూలు. మూడంతస్తుల బిల్డింగులు, పొడుగాటి వరండాలు, మధ్యలో గ్రౌండు, అచ్చం మన జిల్లా పరిషత్ హైస్కూల్లో అడుగు పెట్టినట్టే ఉంటుంది. క్లాసురూముల్లో ఇటుక గోడలు అడ్డం కట్టి మనిషి సరిగా కాళ్లు చాపుకోలేని అరలు చేశారు. వరండాకి ముళ్లకంచె వేసింది పారిపోతారని కాదు, పైనుంచి దూకి చచ్చిపోతారని. పిల్లలు కసరత్తు చేసే కొయ్యకి మనుషుల్ని తలకిందులుగా వేలాడదీశారు. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫొటో తీసి ఫైలు పెట్టారు కాబట్టి ఇప్పుడు వాటిలో మిగిలిన ఫొటోల్లోని ముఖాలు వరసగా బోర్డుల మీద ఉన్నాయి, వాటిలో చంటిబిడ్డని ఎత్తుకున్న తల్లులు కూడా. 14 వేల మందికి పైగా వెళ్లిన చోట ప్రాణాలతో మిగిలినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చుమ్ మేకి మెషీన్లు రిపేరు చేయడం వచ్చు, బౌ మెంగ్‌కి బొమ్మలు వేయడం వచ్చు, అందుకని ఉంచారు. ఆ జైలుని నడిపిన దుచ్ అంతకుముందు లెక్కల మాస్టారు. ఖ్మేర్ రూజ్ నేరాల విచారణకి పెట్టిన కోర్టులో అతనికి 2012లో అప్పీలు మీద యావజ్జీవం పడింది, 2020లో చనిపోయాడు. పోల్ పాట్‌కి ఆ మాత్రం కూడా జరగలేదు, ఆ కోర్టు పెట్టకముందే 1998లో పోయాడు.

నాకు కోపం వచ్చింది బయటికి వచ్చాక. గేటు దగ్గర ఒక డ్రైవరు చోయెంగ్ ఎక్ (ఆ జైలు ఖైదీల్ని తీసుకెళ్లి చంపిన చోటు), దాంతోపాటు తుపాకులు కాల్చుకునే షూటింగ్ రేంజ్, రెండూ కలిపి ఒకే రేటు అన్నాడు. ఆ డ్రైవర్ని ఏమనను, అడిగే టూరిస్టులు ఉన్నారు కాబట్టే అమ్ముతున్నాడు. చోయెంగ్ ఎక్‌లో తూటాలు ఖర్చని పారలతో, ఇనుప కడ్డీలతో చంపారు, దాదాపు 9 వేల మంది అవశేషాలు తవ్వి తీశారు. వాన పడితే ఇప్పటికీ మట్టిలోంచి ఎముక ముక్కలు, గుడ్డ పీలికలు పైకి తేలతాయి. అలాంటి చోట పుర్రెల స్తూపం ముందు నిలబడి రెండు వేళ్లు చూపిస్తూ సెల్ఫీ దిగుతున్న ఒక గుంపుని చూశాం. వాళ్లు మాట్లాడుకుంటున్నది తెలుగే, నేను పలకరించలేదు.

మా అమ్మ అయితే "డబ్బులు పోసి యాడికో పొయ్యి పుర్రెలు చూసొస్తారంటమ్మే" అంది. మా పెదనాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి, ఆయన అమెరికా 1973 దాకా ఆ దేశం మీద కురిపించిన బాంబుల గురించే మాట్లాడతాడు. నిజమే, ఆ బాంబుల వల్ల ఖ్మేర్ రూజ్‌లో చేరిన పల్లె జనం తక్కువేమీ కాదు. కానీ ఖ్మేర్ రూజ్‌ని తరిమింది కూడా కమ్యూనిస్టు వియత్నామే కదా పెదనాన్నా అంటే పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. ఓడిపోయాక కూడా ఐక్యరాజ్యసమితిలో కంబోడియా సీటు ఏళ్ల తరబడి ఖ్మేర్ రూజ్ చేతిలోనే ఉంది, చాలా దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం మాత్రం ఇందిరాగాంధీ ఉండగా 1980లోనే నాంపెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. 1986లో మన పురావస్తు శాఖ వాళ్లు వెళ్లి అంగ్‌కోర్ వాట్ బాగుచేత మొదలుపెట్టింది కూడా ఆ తర్వాతే. మీరు వేసిన రెండు పేజీల్లో ఈ ముక్క ఒక్కటైనా ఉంటే బాగుండేది.

ఊరంతా ఏడుపుగొట్టుగా ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. సాయంత్రమైతే టోన్లే సాప్ నది ఒడ్డున జనం, పాటలు పెట్టుకుని ఎక్సర్‌సైజులు చేసే ఆడవాళ్లు. వానాకాలంలో మెకాంగ్ నది పొంగితే టోన్లే సాప్ నీళ్లు వెనక్కి పారతాయి. నేషనల్ మ్యూజియంలో విష్ణుమూర్తి విగ్రహాలకైతే తిరుపతి వాళ్లం ఒక పూట ఇచ్చేయొచ్చు.

కాబట్టి సార్, ఈసారి వేసేటప్పుడు నాంపెన్‌కి రెండు మూడు రోజులు పెట్టుకోమని రాయండి. తువోల్ స్లెంగ్, చోయెంగ్ ఎక్ ఒకే రోజు చూడొద్దని, ఆడియో గైడ్‌కి డబ్బులు మిగుల్చుకోవద్దని, చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దని చెప్పండి. 2025లో యునెస్కో ఈ రెంటినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఇకమీదట ట్రావెల్స్ వాళ్లు వీటినీ గంట గంట చొప్పున ప్యాకేజీలో ఇరికిస్తారు, వాళ్లకంటే ముందు మీరు రాస్తే మంచిది. రోడ్డు వైపు చేతిలో ఫోన్ పట్టుకుని నడవొద్దని కూడా వేయండి, బైకు మీద వచ్చి లాక్కుపోతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి