ట్యాంకులో మేపుల్ రసం కొలత గురించి

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఈ సీజనుకు మేపుల్ చెట్ల రసం పట్టి పాకం కాస్తున్న మనవాళ్లందరూ ట్యాంకు కొలత విషయంలో జాగ్రత్త వహించాలని మనవి. అడ్డంగా అమర్చిన, డ్రమ్ములాంటి గుండ్రటి ట్యాంకులో రసం ఎత్తు నాలుగో వంతుకు చేరితే పరిమాణమూ నాలుగో వంతే అనుకోవడం పొరపాటు; 1,000 గ్యాలన్ల ట్యాంకులో అప్పటికి ఉండేది సుమారు 195 గ్యాలన్లే. రసంలో చక్కెర 2 శాతం ఉంటే ఒక గ్యాలన్ పాకానికి సుమారు 43 గ్యాలన్ల రసం కావాలి గనుక, ఆ 55 గ్యాలన్ల తేడా ఒక గ్యాలన్ పాకాన్ని మించిపోతుంది.

అందుచేత ఖాళీ ట్యాంకును మట్టంగా నిలిపి, 25 గ్యాలన్ల చొప్పున కొలిచిన నీళ్లు పోస్తూ, ప్రతిసారీ శుభ్రమైన కర్రను నిలువుగా అడుగు తాకేలా దించి, తడి అంచు దగ్గర గీత పెట్టుకోవడమే నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. పక్కన బిగించిన పారదర్శక గొట్టం పగలు రసం మట్టాన్ని సరిగ్గానే చూపిస్తుంది గాని, రాత్రి చలికి అందులోని రసం గడ్డకడితే ట్యాంకు ఖాళీ అవుతున్నా గొట్టంలో పాత మట్టమే కనిపిస్తుంది. మొన్న పొద్దున్న నేను దాన్నే నమ్మి పొయ్యి రాజేశాను. రసం మధ్యలో అయిపోయి పాకం అడుగంటి మాడిపోయింది. దయచేసి పొయ్యి వెలిగించే ముందు కర్ర దించి చూడండి.