గెడ్డ పారితేనే లోవ నిండేది

సంపాదకులకు నమస్కారం.

ముడసర్లోవ జలాశయం వైపు పొద్దుటి నడక నాకు చాలా ఏళ్ల అలవాటు. మొన్న ఒక ట్రాక్టర్ అక్కడి గెడ్డ (కొండ వాగు) ఒడ్డున ఆగి తొట్టి ఎత్తింది. నేను చూస్తుండగానే పగలగొట్టిన గోడ ముక్కలు, టైల్స్ పెంకులు, ఖాళీ సిమెంటు సంచులు దడదడా లోపలికి జారిపోయాయి. ఇదేమిటని అడిగితే, "ఎండిపోయిన గెడ్డే కదమ్మా, ఎవరికి అడ్డం?" అన్నాడు డ్రైవర్. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఈ ఊళ్లో చాలామంది అలాగే అనుకుంటున్నారు.

మన ప్రాంతంలో గెడ్డలు ఏడాది పొడవునా పారవు. అటు సింహాచలం కొండలు, ఇటు కంబాలకొండ. వాటి మీద వాన పడ్డ కొన్నాళ్లే పారతాయి. ఆ కొన్నాళ్ల నీటితోనే వందేళ్లకు పైగా ముడసర్లోవ నిండుతూ వచ్చింది. విశాఖకు తొలినాళ్ల నుంచీ తాగునీరు ఇచ్చిన జలాశయాల్లో అదొకటి. పేరులోనే లోవ ఉంది, కొండల నీళ్లు దిగి చేరే చోటు. దారి పూడిస్తే ఆ నీరు చెరువుకు రాదు, కాలనీల్లోకి వస్తుంది. వచ్చిందంటే ఎర్రమట్టి బురదతో సహా వస్తుంది.

కొండ అటవీ శాఖది, జలాశయం నగరపాలక సంస్థది. మధ్యలో ఉన్న గెడ్డ సంగతి ఎవరికి చెప్పుకోవాలో మాలాంటి వాళ్లకు తెలియదు. నేను ఫిర్యాదు పట్టుకెళ్లిన చోట "మా పరిధి కాదు" అన్నారు, ఇంకో చోటికి పొమ్మన్నారు. చిత్తడి నేలలను కాపాడే 2017 నాటి నిబంధనలు కూడా తాగునీటి కోసం కట్టిన జలాశయాలకు వర్తించవు. అందుకే ఇక్కడ పట్టించుకునే నాథుడు ఎవరో స్పష్టంగా తేల్చాలి.

జంతువుల సంగతీ ఈ నీటితో ముడిపడినదే. కంబాలకొండ 2002లో అభయారణ్యమైంది, దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. అందులో చిరుతలున్నాయి, అడవిపందులున్నాయి. పక్కనే ఇళ్లు. వేసవిలో అడవి లోపల నీటి గుంటలు ఎండకుండా చూస్తే జంతువులు దాహానికి ఇళ్ల వైపు దిగే అవసరం తగ్గుతుంది. చిరుత కనబడిందని వాట్సాప్‌లో టెన్షన్ పడేకన్నా, ట్యాంకరుతో ఆ గుంటలు నింపించమని అడగడం మేలు. చలికాలంలో జలాశయానికి వలస బాతులు వస్తాయి. బొల్లికోళ్లు, నీటికాకులు ఉంటాయి. ఆ నెలల్లో ఒడ్డుకు బళ్లు రానివ్వకూడదు, మైకులు అసలే వద్దు.

అలాగని గేటుకు తాళం వేసేయమని నేను అనను. అభయారణ్యంలోకి అనుమతితోనే వెళ్లాలన్న 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే, చూడ్డానికీ జంతువుల గురించి అధ్యయనం చేయడానికీ ఫొటోలు తీసుకోవడానికీ అనుమతి ఇవ్వవచ్చని కూడా చెబుతోంది. జలాశయం వైపు నడిచేవాళ్లను కూడా రానివ్వాలి. రోజూ నడిచేవాళ్లు ఉంటేనే కదా ఆ ట్రాక్టర్ ఎవరి కంటనైనా పడేది! రానివ్వవద్దని నేను అడిగేది మోటారు బళ్లనీ సీసాలనీ ప్లాస్టిక్‌నీ.

కార్తీకంలో వనభోజనాలకు మా అమ్మ అడ్డాకు విస్తళ్లు పట్టుకొచ్చేది. తిన్నాక ఉసిరి చెట్టుకు దూరంగా ఒక గుంట తీసి వాటిని పూడ్చేవాళ్లం, పొద్దు వాలేసరికి ఇంటికి చేరేవాళ్లం. కిందటి కార్తీకంలో అలాంటి ఒక చెట్టు కింద నేను చూసినవి థర్మోకోల్ ప్లేట్లు. పులిహోర మెతుకులు అంటుకున్న ఒక ప్లేటును ఆవు నములుతోంది. నోట్లోంచి లాగబోతే మెడ విదిలించి అవతలికి పోయింది. ఆ ఆవు ఏమైందో అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది. సీజన్ మొదలవక ముందే గేటు దగ్గర ప్లాస్టిక్ ఆపి, అడ్డాకు విస్తళ్లు అమ్మే మన్యం ఆడవాళ్లకు అక్కడ కాస్త చోటిస్తే, వాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి, ఆవులకు ఈ గతి తప్పుతుంది.

అధికారులకు నా మనవి ఒక్కటే. రెండు శాఖల వాళ్లూ కలిసి ఒక్క పూట గెడ్డ వెంబడి కొండ దగ్గర్నుంచి చెరువు దాకా నడవండి. ఏది ఎవరు చూడాలో అక్కడే తేల్చుకుని, ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరు రాసి బోర్డు పెట్టండి. నేను చెప్పిన గోడ ముక్కలు ఇవాళ పొద్దున కూడా అక్కడే ఉన్నాయి. తొలకరి పడే లోపు వాటిని తీయించండి.

– ఒక రిటైర్డ్ టీచర్, ఆరిలోవ, విశాఖపట్నం