కళ్ళజోడు సంగతి ముందు చూసుకో

ఒరేయ్ రాఘవా,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మాయి పెళ్లి పనులు మొదలయ్యాయి, ఆ వివరాలు తర్వాత. ముందు నీ ల్యాండింగుల సంగతి తేలాలి.

అరవై దాటాక టెక్సాస్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నావంటే ఎంత సంతోషమో! "దిగేటప్పుడు నేల దగ్గరికొస్తే ఎత్తు అంచనాకి అందడం లేదు" అని రాశావే, దానికి వయసునొక్కదాన్నే తప్పుపట్టకు. నీది ప్రోగ్రెసివ్ కళ్ళజోడు కదా, దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం? అద్దాల కింది భాగం చదువుకోడానికి, 16 అంగుళాల దూరానికి. మీటర్లుండే ప్యానెల్ ఉండేది దాదాపు రెండింతల దూరంలో. ఫ్లేర్‌లో, అంటే చక్రాలు తగిలే ముందు విమానం ముక్కు లేవగానే కౌలింగ్ (ఇంజిన్ మూత) మీదుగా చూడాలని గడ్డం ఎత్తుతావు. అప్పుడు రన్‌వే ఆ కింది భాగంలోంచి మసగ్గా కనిపిస్తుంది. మెట్లు దిగేటప్పుడు కాలు తడబడేదీ అందుకే. సీటులో కూర్చుని కంటికీ ప్యానెల్‌కీ మధ్య దూరం టేపుతో కొలిపించు, ఆ కొలత కళ్ళడాక్టరుకి చెప్పి ఫ్లయింగ్‌కి వేరే జత చేయించు. సీటు ఎత్తు పెంచు, రోజూ అదే ఎత్తులో పెట్టుకో. ఇది మాత్రం వాయిదా వెయ్యకురా.

ఇక చూపు. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా చివరిసారి దిగుతున్నప్పుడు, ఫుల్ ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వంగే పలకలు), వేగం 65 నాట్లు. దిగాల్సిన చోటు విండ్‌షీల్డ్‌లో పైకీ కిందకీ జరక్కుండా ఉండాలి. పైకి జరిగిందా, అక్కడిదాకా చేరవు. కిందికి జరిగిందా, దాటిపోతావు. రౌండవుట్ (దిగుడు తగ్గించి విమానాన్ని సమంగా తేవడం) మొదలవగానే చూపు రన్‌వే చివరికి పంపు. చక్రాల ముందున్న నేలనే చూస్తే అది పరుగెత్తుతున్నట్టుంటుంది, చెయ్యి తొందరపడి యోక్ (విమానం స్టీరింగు) లాగేస్తుంది. విమానం బెలూన్ అవుతుంది, అంటే దిగకుండా మళ్ళీ పైకి తేలుతుంది.

బెలూనైనా, చక్రాలు నేలకి తగిలి ఎగిరే బౌన్సైనా, ముక్కు కిందికి తొయ్యకు! అసలు ప్రమాదం అక్కడే. ముందు చక్రం మొదట తగులుతుంది, మళ్ళీ ఎగురుతుంది, ప్రతి దెబ్బా ముందుదానికన్నా గట్టిగా పడుతుంది. ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుంటుంది, ఇంజిన్ వెనకుండే ఫైర్‌వాల్ గోడ వంగిపోతుంది. చిన్న బౌన్సైతే ముక్కు అలాగే నిలిపి కాస్త పవర్ ఇవ్వు. అనుమానమొస్తే గో-అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకెళ్ళడం: ఫుల్ థ్రాటిల్ (ఇంజిన్‌కి పూర్తి పవర్), కుడి రడ్డర్ (తోక చుక్కాని) పెడలు, ఫ్లాప్స్ 20 డిగ్రీలకి, 60 నాట్ల వేగంతో ఎక్కు, మిగతా ఫ్లాప్స్ మెల్లగా తీసెయ్యి. ట్రిమ్ (యోక్ బరువు తగ్గించే సర్దుబాటు) ల్యాండింగ్‌కి పెట్టి ఉంటుంది కాబట్టి పవర్ ఇవ్వగానే ముక్కు గభాల్న లేస్తుంది. ఈ ఒక్కచోట యోక్ ముందుకి గట్టిగా పట్టుకోవాల్సిందే. మీ ఇన్‌స్ట్రక్టర్‌ని ఓ పూటంతా ఇదే చేయించమను.

లైసెన్సుకి చెప్పిన 40 గంటల ఫ్లయింగ్ దాటిపోతోందని బెంగెందుకు? అది కనీసం మాత్రమే, చాలామందికి ఎక్కువే పడుతుంది. నలభై దాటినవాళ్ళకి థర్డ్ క్లాస్ మెడికల్ (పైలట్ ఆరోగ్య సర్టిఫికెట్) చెల్లేది 24 నెలలే, తేదీ చూసుకో.

క్రాస్‌విండ్‌లో, అంటే గాలి పక్కనుంచి వీస్తుంటే, గాలి వైపు రెక్క దించి, అవతలి రడ్డర్‌తో... ఇది పెద్ద కథ, పోస్టు డబ్బా తెరిచే వేళైంది. మళ్ళీ రాస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శేషు